రాహువు తల, రైలు ఆగడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో చిత్తవృత్తుల (మనసులో కలిగే కదలికల) గురించి రాసిన జవాబుకు ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆసనాల గురించీ ప్రాణాయామం గురించీ అడిగినవారి కంటె మాటల గురించి అడిగినవారే ఎక్కువగా ఉన్నారు. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకొక భాష, బడిలో మరొక భాష మాట్లాడుకుంటూ బతికే ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల వాళ్లం కాబట్టి ఇలాంటి అనుమానాలు మనకు రావడం సహజమేననిపించింది. అందుచేత ఈ నెల మాటకు సంబంధించిన ప్రశ్నలనే తీసుకుంటున్నాను. నడుంనొప్పికి ఏ ఆసనం వేయాలని అడిగిన రాయగడ పాఠకులు మాత్రం దయచేసి ముందుగా వైద్యుణ్ణి చూడాలి.

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. చిత్తవృత్తులు ఐదు అనీ, అవి ప్రమాణం, విపర్యయం, వికల్పం, నిద్ర, స్మృతి అనీ రాశారు. విపర్యయమంటే తప్పు జ్ఞానం. వికల్పమంటే లేని వస్తువును గురించిన జ్ఞానం. లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడమూ తప్పే కదా. అటువంటప్పుడు రెండింటినీ వేరుగా లెక్కపెట్టవలసిన అవసరం ఏమి వచ్చింది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, గుణుపురం)

జవాబు: అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు దొరికితే భాషను గురించి యోగశాస్త్రం ఏమనుకుంటోందో చాలావరకు తెలిసినట్టే. విపర్యయాన్ని యోగసూత్రాల కర్త పతంజలి ‘మిథ్యాజ్ఞానమతద్రూపప్రతిష్ఠమ్’ (1.8, అంటే మొదటి పాదం, ఎనిమిదో సూత్రం) అన్నాడు. చీకట్లో తాడును చూసి పాము అనుకున్నాం, దీపం తెచ్చాం, పాము పోయింది. ఆ తరువాత దాన్ని ఎవరూ పాము అనరు. వికల్పాన్ని ‘శబ్దజ్ఞానానుపాతీ వస్తుశూన్యో వికల్పః’ (1.9) అన్నాడు. అంటే మాట చెవిన పడగానే ఆ మాట వెనకాలే నడిచి వచ్చే జ్ఞానం, దాని అడుగున వస్తువు లేని జ్ఞానం. ఇక్కడ ఎన్ని దీపాలు తెచ్చినా ఒరిగేదేమీ లేదు. రాహువంటే తల మాత్రమేనని కథ తెలిసిన వాడు కూడా ‘రాహువు తల’ అనే అంటాడు. వినేవాడికీ అర్థమవుతుంది, వ్యవహారం సాగిపోతుంది. తల కాక రాహువు వేరే ఎక్కడున్నాడని నిలదీస్తే చెప్పినవాడు ఒప్పుకుంటాడు, ఒప్పుకున్న మరుక్షణం మళ్లీ ‘రాహువు తల’ అంటాడు. అసలు తెలిసిన తరువాత విపర్యయం వాడుకలో నుంచి తప్పుకుంటుంది, వికల్పం తప్పుకోదు. రెండింటినీ వేరు చేయడానికి ఆ ఒక్క కారణం చాలు.

యోగసూత్రాలకు వ్యాసుడి పేరున ఉన్న వ్యాఖ్య వ్యాసభాష్యం (యోగభాష్యమన్నా ఇదే). అది ఇక్కడ ఇచ్చే ఉదాహరణల్లో మూడింటిని చూద్దాం. మొదటిది ‘చైతన్యం పురుషుని స్వరూపం’ అనే వాక్యం. పురుషుడంటే ఇక్కడ అన్నిటినీ చూసే ఆత్మ. ‘చైత్రుడి ఆవు’ అన్నప్పుడు చైత్రుడు వేరు, ఆవు వేరు కాబట్టి ‘యొక్క’ అని చెప్పే షష్ఠీ విభక్తికి పని ఉంది. చైతన్యమే పురుషుడైనప్పుడు ఎవరిది ఏది అని భాష్యకారుడు అడుగుతాడు. మన తెలుగులో ఈ చిక్కు ఇంకా నున్నగా దాక్కుంటుంది. నా చొక్కా, నా కాలు, నా మనసు, నా ఆత్మ అని వరసగా అనండి. చొక్కాను విప్పి దండెం మీద వేయగలను. కాలిని విప్పలేను గాని, అది తిమ్మిరెక్కినప్పుడు పరాయిదానిలా చూడగలను. మనసు మాట వినడం లేదని దాని మీద ఫిర్యాదు చేయగలను. ‘నా ఆత్మ’ అన్నప్పుడు మాత్రం ఆ ఆత్మకు యజమాని ఎవరు? ఆత్మ వెనక ఇంకొక నేనును నిలబెట్టింది శాస్త్రమూ కాదు, అనుభవమూ కాదు, ‘నా’ అనే ఒక్క అక్షరం.

రెండవది ‘తిష్ఠతి బాణః’, బాణం నిలిచింది అనేది. నిలవడం అనే ధాతువుకు అర్థం కదలిక మానడమే. అయినా అది క్రియ కాబట్టి బాణం ఏదో పని చేసినట్టు వినబడుతుంది. మన ఊళ్లలో బాణాలు లేవు గనుక రైలునే తీసుకుందాం. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా మీ గుణుపురం వెళ్లే బండి స్టేషన్లోకి రాగానే ‘బండి ఆగింది’ అంటాం. వచ్చింది, వెళ్లింది అన్నట్టే ఆగింది అంటాం. రావడంలో బండి ఏదో చేసింది, వెళ్లడంలోనూ చేసింది, ఆగడంలో మాత్రం చేస్తున్నది మానింది. బ్రేకు వేసింది డ్రైవరే గాని బండి కాదు కదా. మూడింటికీ వ్యాకరణం ఒకే చొక్కా తొడిగింది కాబట్టి, పని మానడం కూడా ఒక పనిగా మన లెక్కలో చేరిపోయింది. యోగమంటే చిత్తవృత్తుల నిరోధమని చెప్పే చోట ‘నిరోధం’ అనే మాటకు కూడా ఇదే గతి పట్టింది. వృత్తులను ఆపడం అనే కొత్త పనిని నెత్తికెత్తుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నుదురు ముడిచి కూర్చునేవారిని జూన్ 21న యోగా దినోత్సవంలో చాలామందిని చూశాను.

మూడవది, లేకపోవడాన్ని ఒక ధర్మంగా చెప్పడం: పురుషుడు పుట్టుక లేనివాడు అంటే, పుట్టుక లేకపోవడమనే గుణమేదో ఆయనకు అంటుకుని ఉందని అర్థం కాదని భాష్యం. దీనికి తెలుగులో ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. ‘లేమి’ అనే మాట ఉంది. లేకపోవడమే దాని అర్థం. కాని లేమి చుట్టుకుంది అంటాం, లేమి పట్టి పీడిస్తోంది అంటాం, లేనిదానికి చేతులు మొలిపించి మన గొంతు మీద పెడతాం. డబ్బు లేకపోవడం నిజం, దాని బాధ నిజం. చుట్టుకోవడానికి వచ్చిన ఆ ‘లేమి’ అనే ఆసామి మాత్రం మాటలో పుట్టినవాడే.

అలాగని వికల్పం అబద్ధమని పారేయమన్నాడని అనుకోకండి. వృత్తులు క్లిష్టాలూ (బాధకు దారితీసేవీ) అక్లిష్టాలూ (అలా కానివీ) అని రెండు రకాలని పతంజలే చెప్పాడు (1.5), శాస్త్రం కూడా ఈ మాటలతోనే మాట్లాడుతోంది. పురుషుడి స్వరూపం చైతన్యమని శిష్యుడికి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ షష్ఠీ విభక్తిని భాష్యకారుడే వాడాడు, వాడిన చోటునే అది వస్తుశూన్యమని వేలు పెట్టి చూపించాడు. నాకు ఈ శాస్త్రం మీద గౌరవం కలిగించిన సంగతుల్లో ఇది ముఖ్యమైనది.

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, సాయంత్రం వెళ్లే యోగా తరగతిలో హిందీ. అక్కడ ‘మై శరీర్ నహీఁ హూఁ’ అని లోపల అనుకోమంటారు. ఇంటికొచ్చి అమ్మతో ‘నేను శరీరం లేను’ అనుకోమన్నారని చెబితే ఆమె పడీపడీ నవ్వింది. భాష మారితే తత్త్వం మారిపోతుందా అండీ? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: అమ్మాయీ, మీ అమ్మగారు నవ్విన చోటే అసలు విషయం ఉంది. తెలుగులో కాదనడానికి రెండు క్రియలున్నాయి. ఒక వస్తువు ఉనికిని తీసేసేది ‘లేదు’. ఒక వస్తువు మరొకటి అన్న మాటను తీసేసేది ‘కాదు’. ఇంట్లో బియ్యం లేవు, ఇవి బియ్యం కావు: ఈ రెండింటినీ మూడేళ్ల పిల్ల కూడా తారుమారు చేయదు. హిందీలో ‘నహీఁ’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది కాబట్టి, దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు నువ్వు జారావు. ఒడియాలో నుంచి తెచ్చి ఉంటే జారేదానివి కావు. ఎందుకంటే వాళ్లకూ ‘ఘరే చాఉళ నాహిఁ’ వేరు, ‘ఏహా చాఉళ నుహేఁ’ వేరు.

ఇప్పుడు యోగశాస్త్రం ఏ వైపున ఉందో చూడు. అది ‘కాదు’ వైపున ఉంది. ‘కృతార్థం ప్రతి నష్టమప్యనష్టం తదన్యసాధారణత్వాత్’ (2.22) అనే సూత్రానికి అర్థం, ప్రయోజనం తీరిన పురుషుడికి దృశ్యం (కనబడే ప్రపంచం) అణగిపోయినా, ఇతరులకు కూడా అది సాధారణమే కాబట్టి నశించలేదని. ప్రపంచం లేదని పతంజలి అనలేదు. ప్రపంచం నువ్వు కాదన్నాడు. తెలుగులో యోగాన్ని గురించి రాసేవారిలో చాలామంది ఈ రెండింటినీ ఒకే గాట కట్టి, శరీరం లేదు, లోకం లేదు అని ఉపన్యాసం చెబుతుంటారు. అది వేరే దర్శనం, దాని వాదన దానికుంది. పతంజలి నోట్లో ఆ మాట పెట్టడం న్యాయం కాదు.

ఇంకొక్క అడుగు వెయ్యి. ‘కాదు’ అనేది ‘అగు’ అనే క్రియకు వ్యతిరేకరూపం. అవుతుంది, అయింది, కాదు. మా పర్లాకిమిడిలో కొమ్ముపని చేసేవారి దగ్గర కూర్చుని చూడు. చచ్చిన పశువు కొమ్మును నిప్పు సెగ మీద మెత్తబరచి, వంచి, ఆకురాయితో రాసి, మెరుగు పెడుతూ ఉంటే మన కళ్ల ముందే అది కొంగ అవుతుంది. మెడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఒక దశలో అది ఇంకా కొమ్మే అంటాం, పక్కవాడు కొంగే అంటాడు, పనివాడు ఏమీ అనకుండా రాస్తూ ఉంటాడు. యోగభాష్యం బంగారు పాత్రను పగలగొట్టి వేరే వస్తువుగా చేసినప్పుడు మారింది ఆకారమే గాని బంగారం కాదని చెబుతుంది (3.13). కొమ్ము కొంగ అయింది, కొమ్ముగా మానలేదు. ప్రకృతిలో ఉన్నదంతా ఇలా ఏదో ఒకటి ‘అవుతూ’ ఉంటుంది, పరిణామమంటే అదే. పురుషుణ్ణి మాత్రం భాష్యం ‘చితిశక్తిరపరిణామినీ’ (1.2) అంటుంది, అంటే దేనిగానూ అవనిది. అందుచేత ‘నేను శరీరాన్ని కాను’ అని తెలుగులో అన్నప్పుడు, అక్షరాలా ‘నేను శరీరంగా అవను’ అని కూడా అన్నట్టే. సంస్కృతంలో ఒక్క ‘న’కారంతో చెప్పేదానిలో ఈ అర్థం ఇంత స్పష్టంగా వినిపించదు. ఈ సంగతి తట్టిన రోజున నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజమే.

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. కారణం చెబుతాను. తెలుగులో ‘నాకు కోపం వచ్చింది’, ‘నాకు ఆకలి వేస్తోంది’ అంటాం. ఒడియాలో ‘మోతే భోక లాగుఛి’ అంటారు. కోపం ఎక్కడి నుంచో వస్తుంది, నేను ‘కు’ విభక్తి తగిలించుకుని ఓ పక్కన ఉంటాను. వృత్తి వేరు, దాన్ని చూసే ద్రష్ట వేరు అన్న యోగసిద్ధాంతానికి ఇంతకంటె చక్కటి వాక్యం దొరకదు. తప్పు చేసి దొరికిపోయినవాడు ‘నా బుద్ధి గడ్డి తింది’ అన్నప్పుడు గడ్డి తిన్నది బుద్ధే గాని తాను కాడని సాంఖ్యులంత జాగ్రత్తగా విడదీస్తాడు. కాని అదే తెలుగువాడు మర్నాడు ‘నేను ముక్కోపిని, అంతే’ అంటాడు. వచ్చి పోయిన కోపాన్ని ‘ని’ అనే ప్రత్యయంతో తనకు కుట్టేసుకుంటాడు. ‘దృగ్దర్శనశక్త్యోరేకాత్మతేవాస్మితా’ (2.6) అని పతంజలి చెప్పిన అస్మిత ఇదే: చూసేదీ, చూడడానికి సాధనమైనదీ ఒకటే అయినట్టు తోచడం. సూత్రంలో ‘ఇవ’ అనే చిన్న మాట ఉంది, ‘అయినట్టు’ అని; మన వాక్యంలో ఆ ‘అయినట్టు’ ఎగిరిపోతుంది. ఒకే భాష ఒక వాక్యంలో తలుపు తీసి, తరువాతి వాక్యంలో గడియ పెడుతుంది. తెలుగువాళ్లం పుట్టుకతో యోగులమైతే మన వీధి కుళాయి దగ్గర ఆ తగువులు ఉండకూడదు.

తత్త్వం మారదు, అమ్మాయీ. ఏ భాషలో వింటే ఎక్కడ కాలు జారుతుందన్నది మారుతుంది. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పిల్లలకు చదువు చెబుతూ, కొండల్లోని సవరల భాష నేర్చుకుని దాని వ్యాకరణాన్ని రాసి పెట్టారు. ఆ భాషలో కర్మపదం క్రియలోనే కలిసిపోయి ఒకే మాటగా పలకడం కద్దు. చేసేపనీ, ఆ పని ఎవరిమీద జరుగుతోందో అదీ విడివిడిగా వినబడని చోట, మన షష్ఠీ విభక్తి వేసే ఉచ్చు ఎలా ఉంటుందో సవర మాతృభాషగా ఉన్నవారే చెప్పాలి. వారిలో ఎవరైనా రాస్తే వచ్చే సంచికలో ఈ పుటంతా వారికే ఇస్తాను.

ప్రశ్న: వ్యాకరణ మహాభాష్యం రాసిన పతంజలీ, యోగసూత్రాల పతంజలీ ఒక్కరేనా? (రాయగడ)

జవాబు: ఒక్కరేనని సంప్రదాయం. 11వ శతాబ్దపు భోజరాజు తన యోగవృత్తి మొదట్లో అలాగే స్తుతించాడు. ఆధునిక పండితుల్లో ఎక్కువమంది ఇద్దరనే అంటారు. నాకు ఈ తగవు మీద ఆసక్తి తక్కువ. మహాభాష్యం ‘అథ శబ్దానుశాసనమ్’ అని మొదలవుతుంది, యోగసూత్రం ‘అథ యోగానుశాసనమ్’ అని మొదలవుతుంది. ఇద్దరైనా ఒక్కరైనా రెండు పుస్తకాలూ ఒకే ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు ఉంటాయి.

ప్రశ్న: మొదటి పాదంలో 42, 43 సూత్రాలు సవితర్క, నిర్వితర్క సమాపత్తుల (చిత్తం వస్తువులో లీనమయ్యే స్థితుల) గురించి చెబుతున్నాయి. మాట కలవకుండా వస్తువును చూడడం నిర్వితర్కమట. నేను రోజూ దీపాన్ని చూస్తూ కూర్చుంటాను. మాట వద్దనుకుంటే ‘మాట వద్దు, మాట వద్దు’ అన్న మాటే లోపల తిరుగుతోంది. ఇది మనిషికి సాధ్యమయ్యే పనేనా? (జయపురం, కొరాపుట్ జిల్లా)

జవాబు: దీపాన్ని కాసేపు పక్కన పెట్టి ఆవును చూద్దాం. ఎందుకంటే శాస్త్రకారులందరూ ఆవునే చూశారు. మహాభాష్యం మొదట్లోనే ‘గౌః’ అన్నప్పుడు ఇందులో శబ్దం ఏది అన్న ప్రశ్న వస్తుంది. గంగడోలు, తోక, మూపురం, గిట్టలు, కొమ్ములు గల ఆ వస్తువా శబ్దం? కాదు, అది ద్రవ్యం అంటాడు. యోగభాష్యంలో అదే ఆవు మళ్లీ కనబడుతుంది: గౌః అనేది శబ్దం, గౌః అనేది అర్థం, గౌః అనేది జ్ఞానం. మూడూ వేరు వేరు, కాని ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉంటాయని 3వ పాదం 17వ సూత్రం.

మా వీధిలో పొద్దున్నే ఒక ఆవు వచ్చి గుమ్మం ముందు నిలబడుతుంది, ఎడమ చెవి కొస చిరిగి ఉంటుంది. మా ఇంట్లో ‘ఆవు వచ్చింది’ అంటారు, ఎదురింట్లో ‘గాఈ ఆసిలా’ అంటారు. మాటలు రెండూ ఒకేసారి వినబడినా అది తల తిప్పదు, అరటితొక్కనే చూస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. ‘ఆవు’ అనే మాటకు రెండక్షరాలున్నాయి, కొమ్ములు లేవు. ఆవు అనే జంతువుకు రెండు కొమ్ములున్నాయి, అక్షరాలు లేవు. ఆవు అన్న జ్ఞానానికి కొమ్ములూ లేవు, అక్షరాలూ లేవు. శబ్దధర్మాలు వేరు, అర్థధర్మాలు వేరు, జ్ఞానధర్మాలు వేరు అని భాష్యం చెప్పింది ఇదే. విడదీసి చూస్తే ఇంత తేటగా ఉన్నది, ఆవు గుమ్మం ముందుకు రాగానే ఒక్క ముద్ద అయిపోతుంది. ఆ ముద్దతో కూడిన సమాపత్తి సవితర్కం. ఒకే జంతువుకు రెండు పేర్లు పుట్టుక నుంచి వింటూ పెరిగిన మనకు ఈ ముద్ద కొంచెం వదులుగా ఉంటుందని నా అనుభవం. దాన్ని సాధన అని పొరబడకూడదు.

మాటను బట్టి అర్థం నిలవదనడానికి భాష్యకారుడు ‘అశ్వః’ అనే మాటను చూపిస్తాడు. అది గుర్రమూ కావచ్చు, ఒక ధాతువుకు క్రియారూపమూ కావచ్చు. మనకైతే చెప్పు ఉంది, పాడు ఉంది, అడుగు ఉంది. వీధరుగు మీద నుంచి ఒక పెద్దాయన ‘చెప్పు’ అంటే కాలికి వేసుకునేదో, నోటితో చేసేదో ఆయన ముఖం చూస్తే గాని తెలియదు. వాక్యం నుంచి పదాన్ని విడదీస్తే అది నామమో క్రియో కూడా తేలదు. ‘చెట్టు’ అన్నా ‘ఉంది’ అన్నది దానిలో వినబడుతుందనీ, ప్రతి పదంలోనూ వాక్యశక్తి ఉందనీ అదే చోట భాష్యం అంటుంది. ‘ఇది చెట్టు’ అని ‘ఉంది’ లేకుండానే వాక్యం ముగించే తెలుగువాడికి ఇది వెంటనే ఒప్పుతుంది.

ఇక సాధ్యమా అన్న ప్రశ్న. సాధ్యం కాదన్నవాడు మామూలు మనిషి కాడు, 5వ శతాబ్దపు వ్యాకరణవేత్త భర్తృహరి. ‘న సోऽస్తి ప్రత్యయో లోకే యః శబ్దానుగమాదృతే’, మాట వెంట రాని జ్ఞానమే లోకంలో లేదని వాక్యపదీయంలో అంటాడు. పతంజలి దీన్ని లోకానికి సంబంధించినంత వరకు కాదనడు; సవితర్కమనే పేరు పెట్టి ఒప్పుకుంటాడు. కాని అక్కడ ఆగడు. మాటకు ఒక పరిమితి ఉందని ఆయన చూశాడు. శాస్త్రం వల్లా అనుమానం (గుర్తును బట్టి ఊహించడం) వల్లా కలిగే ప్రజ్ఞ వేరు, సమాధిప్రజ్ఞ వేరు, ఎందుకంటే రెండవదానికి విషయం విశేషం, అంటే ఎదుట ఉన్న ఆ ఒక్క వస్తువే (1.49). మాటకు సంకేతం ఏర్పరచింది విశేషంతో కాదని భాష్యం వివరించింది. ‘ఆవు’ అనే మాట ఊళ్లో ఉన్న ఆవులన్నిటికీ సరిపోతుంది, అదే దాని బలం, అదే దాని చేతకానితనం. చెవి చిరిగిన ఈ ఆవును అది పట్టుకోలేదు. సరే, దీనికి గౌరి అని పేరు పెడతాం. ఆ పేరు కూడా పొద్దున్న గౌరికీ సాయంత్రం గౌరికీ ఒకటే. ఈ క్షణంలో ఈగను విదిలిస్తున్న చర్మపు వణుకును ఏ పేరూ అందుకోలేదు.

మీ దీపం దగ్గరికి వస్తాను. మీరు మాటను బయటికి గెంటడానికి చూస్తున్నారు, గెంటడానికి ఇంకొక మాటను కూలికి పిలుస్తున్నారు. 43వ సూత్రం మాటను ఆపమనలేదు, ‘స్మృతిపరిశుద్ధౌ’ అంది. ఈ మాటకు ఇది అర్థమని చిన్నప్పటి నుంచి నేర్చుకున్న సంకేతపు జ్ఞాపకం శుభ్రపడినప్పుడు, చిత్తం తన సంగతి మరచినట్టై వస్తువు మాత్రమే తోస్తుందని దాని భావం. ఆ చూపునే భాష్యం పరమైన ప్రత్యక్షమంటుంది, శ్రుతానుమానాలకు (విని తెలుసుకున్నదానికీ ఊహించి తెలుసుకున్నదానికీ) బీజం అదేనంటుంది. ‘దీపం’ అన్న మాట వస్తే రానివ్వండి. అది రెండక్షరాల చప్పుడని గమనించి, వత్తి కొసన నల్లబడ్డ చోట మంట ఏ రంగులో ఉందో చూడండి. ఆ రంగుకు మీ దగ్గర పేరు ఉండదు. పేరు కోసం వెతకడం మొదలయ్యే లోపల ఉండే ఆ కాస్త వ్యవధి నాకు తెలుసు. అంతకు మించి నాకు అనుభవం లేదు కాబట్టి అంతకు మించి రాయను.

ప్రశ్న: ఒడియా పుస్తకంలో ఓంకారం ఒకలా ఉంది, తెలుగు పుస్తకంలో మరొకలా ఉంది. జపానికి ఏది సరైనది? (పర్లాకిమిడి)

జవాబు: లిపి కాగితానికి, జపం నోటికి. ‘తస్య వాచకః ప్రణవః’ (1.27), ఈశ్వరుణ్ణి చెప్పే మాట ఓంకారం అన్న చోట వాచకమంటే ధ్వని. ఆ వాచకానికీ ఈశ్వరుడికీ ఉన్న సంబంధం దీపానికీ వెలుగుకూ ఉన్నట్టు ముందే ఉన్నదనీ, తండ్రీకొడుకుల సంబంధాన్ని ‘ఈయన ఇతడి తండ్రి’ అన్న మాట బయటపెట్టినట్టు సంకేతం దాన్ని బయటపెడుతుందనీ భాష్యం. మీ చేతిలో ఏ పుస్తకం ఉంటే అది చాలు.

ప్రశ్న: యోగమంటే కలయిక అని అందరూ చెబుతారు. మీరేమో పురుషుణ్ణి ప్రకృతి నుంచి విడదీయడమే యోగమంటారు. మనవడు ఒడియా బడిలో చదువుతున్నాడు. తాతా, మా లెక్కల పుస్తకంలో జోగ అంటే కూడిక, బియోగ అంటే తీసివేత అని పట్టుకున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు? (విశ్రాంత పోస్టుమాస్టరు, బరంపురం)

జవాబు: మీ మనవడు పట్టుకున్నది భోజరాజు పట్టుకున్నదే. ప్రకృతిపురుషుల వియోగాన్ని కూడా యోగమని చెప్పిన పతంజలి మాట అపూర్వమని ఆయన తన వృత్తి ఆరంభంలో చమత్కరించాడు. గీతలో కూడా దుఃఖసంయోగం నుంచి వియోగాన్నే యోగమనే పేరుతో తెలుసుకోమని ఉంది (6.23). వ్యాకరణంలో ఇక్కడ చూడవలసిన యుజ ధాతువులు రెండున్నాయి, ఒకటి కలపడానికి, ఒకటి సమాధికి. ‘యోగః సమాధిః’ అని భాష్యం మొదట్లోనే తేల్చి, రెండవదాన్ని తీసుకుంది. కలయిక అన్న అర్థం వేరే గ్రంథాల్లో ఉంది, అక్కడ అది సరైనదే. ఈ గ్రంథంలోకి తెస్తే మాత్రం గ్రంథం తిరగబడుతుంది. ఎందుకంటే ఇక్కడ ద్రష్టదృశ్యాల సంయోగమే వదిలించుకోవలసిన దుఃఖానికి కారణం (2.17).

తెలుగులో యోగానికి మూడో అర్థం కూడా స్థిరపడింది. వాడికి యోగం ఉంది, ఉద్యోగం వచ్చింది అంటాం. పెళ్లి కుదరకపోతే యోగం లేదంటాం. గ్రహాలు కలవడం నుంచి అదృష్టం దాకా ఆ మాట నడిచి వచ్చింది. అందుచేత మన ఇళ్లలో ఆడవాళ్లు ‘నాకు ఆ యోగం లేదు’ అన్నప్పుడు పతంజలిని తలచుకోనక్కరలేదు.

మీ మనవడికి ఇలా చెప్పండి. కూడినవి ఏవో తెలిస్తేనే తీసివేత చేయగలం. నేను, నా శరీరం, నా కోపం, నా పేరు అన్నీ కలిపి ఒకే మొత్తంగా వేసి ఉన్న లెక్కలో, ఏది ఏదో గుర్తుపట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ పోవడాన్నే పతంజలి యోగమన్నాడని. బడిలో మాత్రం కూడిక గుర్తున్న చోట తీసివేత చేయవద్దని కూడా చెప్పండి, లెక్కల మాస్టారు ఈ పత్రిక చదవరు.